పేదల సేవకు వెళ్ళాలనుంది, ఏ గుమ్మం ఎక్కాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో మా విచారణలో, అంటే మా క్యాథలిక్ చర్చి పరిధిలో, ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు. "ఆంటీ, నాకు సిస్టర్ అవ్వాలనుంది. పేదవాళ్ళకు సేవ చెయ్యాలని ఉంది. ఏ సభలో చేరితే మంచిది?" అని అడుగుతారు. ఈ మధ్య మగపిల్లలూ అడుగుతున్నారు. రిటైరైన మాస్టార్లు, పిల్లల పెళ్ళిళ్ళు చేసేసిన తల్లులు ఇంకోలా అడుగుతారు. "మాకిప్పుడు కాస్త తీరిక దొరికింది. మఠంలో చేరే వయసు కాదు. ఏం చెయ్యొచ్చు?"

నన్నే అడగడానికి కారణం ఉంది. నేను రెండు వైపులా చూశాను. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక మఠంలో చేరి, ఏడాదిన్నర ఉండి ఇంటికి వచ్చేశాను. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు. ఇంట్లో ఉంటూనే పేదలకు సేవ చేసేవాళ్ళ పునీత విన్సెంట్ డి పాల్ సభలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. అప్పట్లో మఠాన్ని ఎలా ఎంచుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మఠ జీవితానికి దేవుడిచ్చే పిలుపుల గురించి మాట్లాడటానికి ఊరికి వచ్చిన సిస్టర్‌గారు ఎంతో ప్రేమగా పలకరించారు, చేతిలో రంగుల కరపత్రం పెట్టారు. ఆవిడ కట్టుకున్న చీర రంగు నాకు నచ్చింది. అంతే, వెళ్ళిపోయాను. అక్కడ రోజు ఎలా గడుస్తుందని అడగలేదు. పేదవాళ్ళ ఇళ్ళకు వారంలో ఎన్నిసార్లు వెళ్తారని అడగలేదు. వెళ్ళాక చూస్తే ఆ ఇంట్లో పనంతా స్కూలు, హాస్టలు, ఆఫీసు. మంచి పనే, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. నేను బయల్దేరింది మాత్రం దానికోసం కాదు.

అందుకని ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒకటే చెబుతాను. స్థాపకుల పేరుప్రతిష్ఠలు, చీర రంగు కాసేపు పక్కన పెట్టండి. ఆ ఇంట్లో ఒక మామూలు మంగళవారం ఎలా ఉంటుందో కనుక్కోండి. పండగ రోజు, బిషప్‌గారు వచ్చిన రోజు చూస్తే ఏమీ తెలియదు. మంగళవారం పొద్దున పదింటికి ఆ సిస్టర్ ఎవరి పక్కన ఉంది, చేతులతో ఏం చేస్తోంది, అది చూడాలి.

మాటపట్టు తీసుకునే దారి, ఇంట్లో ఉండి నడిచే దారి

ఎక్కడ చేరాలన్నది తర్వాత. ముందు తేలాల్సింది ఇది. మఠ జీవితం అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులు (దేవుడికిచ్చే వ్రతాలు). పేదలకు సేవ చెయ్యాలన్న కోరిక ఉన్నంత మాత్రాన ఈ మూడింటికీ పిలుపు ఉన్నట్టు కాదు. ఈ రెండూ ఒకటేనని మన పిల్లలు పొరబడతారు. సేవ మీద మనసుండి, సొంత సంసారం మీద కూడా ఆశ ఉంటే అది తక్కువ పిలుపేమీ కాదు, వేరే పిలుపు. విధేయత అనేది చాలామంది ఊహించని చోట తగులుతుంది. కుష్ఠురోగుల మధ్య పని చెయ్యాలని వెళ్తే, లెక్కలు చూసుకోమని పెద్దలు చెప్పవచ్చు. తలవంచి చెయ్యగలరా? ఈ ప్రశ్న తమను తాము అడగాలి.

శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటుంది, పిల్లలకూ తల్లిదండ్రులకూ అది తెలియాలి. 17 ఏళ్ళు నిండనిదే నోవిషియేట్‌లో, అంటే మాటపట్టుకు ముందు ఉండే శిక్షణలో, చేర్చుకోకూడదు. నోవిషియేట్ కనీసం ఏడాది ఉండాలి. ఆ తర్వాత తీసుకునేది తాత్కాలిక మాటపట్టే, అది మూడేళ్ళకు తగ్గకుండా సాగాలి. ఆ తర్వాతే నిత్య మాటపట్టు. నోవిషియేట్‌లో ఉన్నవాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు. తీర్చలేని అప్పులున్నవాళ్ళను చేర్చుకోవద్దని కూడా చట్టమే చెబుతోంది. మీ మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులుంటే, మీ పేరున బ్యాంకు లోను ఉంటే దాచకండి. మొదటి రోజే చెప్పండి.

మదర్ తెరిసా ఇల్లు

అడిగేవాళ్ళలో సగానికి సగం మంది మనసులో ముందే ఉండేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మిషనరీస్ ఆఫ్ ఛారిటీ 1950 అక్టోబర్ 7న కలకత్తాలో మొదలైంది. చాలా సభల్లో మూడు మాటపట్టులుంటే వీళ్ళకు నాలుగోది ఉంది. నిరుపేదల్లో కెల్లా నిరుపేదలకు మనస్ఫూర్తిగా, ఉచితంగా సేవ చేస్తామన్నది ఆ నాలుగోది. ఆ "ఉచితంగా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఫీజులు తీసుకునే స్కూళ్ళు, బిల్లు వేసే ఆసుపత్రులు వీళ్ళకు ఉండవు. జీతాలుండవు. ఏ రోజుకు ఆ రోజు ఎవరు ఏమిస్తే దానితోనే నడుస్తుంది.

తెల్లవారుజామున అయిదు కాకముందే లేస్తారు. ప్రార్థన, పూజ, బట్టలు బకెట్లో చేత్తో ఉతుక్కోవడం, ఆ తర్వాత పని. సాయంత్రం దివ్యసత్ప్రసాద ఆరాధనకు (క్రీస్తు శరీరంగా కొలిచే అప్పం ముందు ప్రార్థనకు) ఒక గంట తప్పనిసరి. సొంతానికి ఉండేవి రెండు మూడు చీరలు, ఒక జత చెప్పులు, జపమాల, ఒక బకెట్, అలాంటివి కొన్ని. నీలం అంచు ఉన్న ఆ తెల్ల చీరలను కలకత్తా దగ్గర టిటాగఢ్‌లో కుష్ఠురోగం వచ్చి తగ్గినవాళ్ళు మగ్గం మీద నేస్తారు. లోకం వెలివేసిన చేతులు నేసిన బట్టనే వీళ్ళు రోజూ ఒంటి మీద కట్టుకుంటారు. ఎప్పుడు తలుచుకున్నా నా కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ఎవరికి నప్పుతుంది? ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు, మురికి, పుండు, వాసన చూసి వెనక్కి తగ్గనివాళ్ళకు, ఇంటికి దూరంగా ఏ దేశానికి పంపినా వెళ్ళగలిగేవాళ్ళకు. ఇంటికి రావడం చాలా అరుదు. అమ్మను చూడకుండా ఏడాది ఉండలేని పిల్లయితే ఇప్పుడే నిజం ఒప్పుకోవడం మేలు. శిక్షణ మొదలైన దగ్గర్నుంచి నిత్య మాటపట్టు దాకా ఎనిమిది తొమ్మిదేళ్ళు పడుతుంది.

ఒక మాట నర్సింగ్ చదివిన పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను. 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు కలకత్తా కాళీఘాట్‌లోని వీళ్ళ ఇల్లు చూసి, రోగ నిర్ధారణ సరిగా జరగడం లేదనీ, నొప్పి తగ్గించే గట్టి మందులు వాడటం లేదనీ రాశారు. 1952లో తెరిచిన ఆ ఇల్లు ఆసుపత్రి కాదు, వీధిలో దిక్కులేకుండా చనిపోయేవాళ్ళకు ఒక పక్క, ఒక చెయ్యి అందించే చోటు. అయినా ఆ విమర్శను తోసెయ్యడం నాకిష్టం లేదు. నేర్చుకున్న వైద్యమంతా పేదవాడికి అందించాలన్న తపన మీకుంటే, అక్కడ మీరు లోలోపల నలిగిపోవచ్చు. అలాంటివాళ్ళు ఇంకో గుమ్మం చూడాలి. దాని గురించి తర్వాత చెబుతాను.

మదర్ ఇంటికి చాలా కొమ్మలున్నాయన్నది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మగపిల్లలకు బ్రదర్ల శాఖ 1963లోనే మొదలైంది. ఎక్కువసేపు ప్రార్థనలో గడిపే సిస్టర్ల శాఖ 1976లో, గురువుల (ఫాదర్ల) శాఖ 1984లో వచ్చాయి. పెళ్ళైనవాళ్ళకు కూడా గృహస్థుల శాఖ ఉంది, అది కూడా 1984లోనే మొదలైంది. కొన్ని రోజులు వాలంటీరుగా వెళ్ళి గిన్నెలు కడిగి, దుప్పట్లు ఉతికి, అన్నం తినిపించి రావచ్చు కూడా. వెళ్ళాలనుకునేవాళ్ళకు దానికంటే మంచి పరీక్ష లేదు.

గుంటూరుకొచ్చిన డాక్టరమ్మ

ఇంకో గుమ్మం అన్నాను కదా. అది మన గుంటూరులోనే ఉంది. జీసస్ మేరీ జోసెఫ్ సభ, మన నోట జె.ఎం.జె. సిస్టర్లు. 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టిన సభ, 1904లో గుంటూరు చేరింది. మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ కథ వీళ్ళతోనే ముడిపడి ఉంది.

మెల్‌బోర్న్‌లో కంటి డాక్టరుగా బాగా స్థిరపడిన మనిషి. 1915లో ఒకనాడు ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. పరదా చాటున బతికే భారత స్త్రీలు మగ డాక్టరు దగ్గరికి వెళ్ళలేక, వైద్యం అందక చనిపోతున్నారని అందులో చదివారు. ప్రాక్టీసు వదిలేసి 1920 ఫిబ్రవరిలో గుంటూరు వచ్చి సిస్టర్ అయ్యారు. అప్పట్లో మఠకన్యలు వైద్యం చెయ్యడానికి శ్రీసభ చట్టం ఒప్పుకునేది కాదు. పోపుగారి ప్రత్యేక అనుమతితో చేశారు. స్థానిక స్త్రీలకు మంత్రసానితనం, నర్సు పని, మందులు కలపడం నేర్పించారు. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కూర్చారు. దాని కేంద్రం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. 1957లో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆవిడను దైవసేవకురాలిగా ప్రకటించింది, పునీతురాలయ్యే దారిలో అది మొదటి మెట్టు. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో పురుడు పోసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఊళ్ళలో లెక్కలేనన్ని. ఆ ఆసుపత్రి వెనుక ఈ మనిషి ఉందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

చదువును సేవగా మార్చాలనుకునే డాక్టర్లు, నర్సులు, టీచర్లకు ఇలాంటి సభలు సరిపోతాయి. తెనాలి జె.ఎం.జె. కాలేజీ లాంటి విద్యాసంస్థలూ వీళ్ళు నడుపుతారు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఆసుపత్రి, కాలేజీ నడిపే ఏ సభలోనైనా సంస్థ పెరిగే కొద్దీ పేదవాడు గేటు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అది ఏ ఒక్కరి తప్పూ కాదు. జీతాలివ్వాలి, పరికరాలు కొనాలి, అనుమతులు రావాలి. అందుకే సూటిగా అడగండి. మీ సిస్టర్లలో ఎంతమంది పల్లెల్లో, వాడల్లో ఉంటున్నారు? డబ్బు కట్టలేనివాళ్ళకు మీ దగ్గర ఏ ఏర్పాటు ఉంది? మంచి సభ ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోదు, ఇళ్ళ పేర్లతో సహా చెబుతుంది.

ముసలివాళ్ళు, రైల్వే స్టేషన్ పిల్లలు

1839 చలికాలంలో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే నడివయసు పనిమనిషి, కళ్ళు కనబడని, సగం శరీరం పడిపోయిన ఒక ముసలావిడను తన చిన్న ఇంటికి తీసుకొచ్చి తన మంచం మీద పడుకోబెట్టింది. తను అటక మీద పడుకుంది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ సభ పుట్టింది అలా. తర్వాత జరిగింది వింటే మనసు కరిగిపోతుంది. ఒక గురువు సభ పగ్గాలు తన చేతిలోకి తీసుకుని, స్థాపకుడిని నేనేనన్నారు. జాన్‌ను పక్కకు నెట్టేశారు. చనిపోయేదాకా 27 ఏళ్ళు ఆవిడ ఆ మఠంలోనే అనామకంగా గడిపింది. ఈ సభను మొదలుపెట్టింది ఈ ముసలి సిస్టరేనని పక్కనున్న చిన్న సిస్టర్లకు కూడా తెలియదు. 2009లో శ్రీసభ ఆవిడను పునీతురాలిగా ప్రకటించింది.

ఈ సభ వృద్ధులకు తప్ప ఇంకో పనికి వెళ్ళదు. వీళ్ళకూ నాలుగో మాటపట్టు ఉంది, ఆతిథ్యం. బజార్లలో, ఇళ్ళ దగ్గర, చర్చిల దగ్గర అడిగి తెచ్చిన దానితో ఇల్లు నడుపుతారు. సికింద్రాబాద్‌లోనూ వీళ్ళ వృద్ధాశ్రమం ఉంది. చెయ్యి చాచి అడగడం ఎంత కష్టమో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. పరువు మీద ప్రాణం పెట్టుకునే ఇంట్లో పుట్టిన పిల్ల కూరగాయల మార్కెట్లో సంచీ పట్టుకుని నిలబడాలి. అది చెయ్యగలిగి, ఒకే ముసలావిడకు రోజూ పొద్దున్నే తల దువ్వే ఓపిక ఉంటే, ఈ ఇల్లు మీ ఇల్లే. పని వెంటనే ఫలితం చూపించాలనుకునేవాళ్ళకు ఇది కాదు. ఇక్కడ ఎవరూ కోలుకుని ఇంటికి వెళ్ళరు.

మగపిల్లలకైతే విజయవాడ గుర్తుచేస్తాను. అంత పెద్ద జంక్షన్, ఇంట్లోంచి పారిపోయిన పిల్లలు ఏదో ఒక రైల్లో వచ్చి అక్కడ దిగుతుంటారు. పేద పిల్లల కోసం బతికిన పునీత డాన్ బోస్కో వారసులైన సలేషియన్లు 1989లో అక్కడ నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు. ప్లాట్‌ఫారం మీద ఆకలితో, భయంతో ఉన్న పిల్లాడిని ఎవరు ముందు పలకరిస్తారన్న దాని మీదే వాడి బతుకు ఆధారపడి ఉంటుంది. పిల్లలతో ఆడుతూ, అరుస్తూ, అబద్ధం చెప్పినా మళ్ళీ నమ్మగలిగే గుణం ఉన్న కుర్రాళ్ళకు ఇది తగిన చోటు.

ఇక్కడే ఇంకొకటి. మన ఊళ్ళలో మగపిల్లాడు మఠంలో చేరాడంటే గురువు అయిపోతాడనే అనుకుంటారు. బ్రదర్‌గానే ఉండిపోతానంటే "మధ్యలో ఆగిపోయాడు" అంటారు. ఆ మాట చాలా తప్పు. పూజ చెప్పే బాధ్యత లేకుండా, జీవితమంతా పేదల మధ్య అన్నయ్యలా బతకడం దానికదే పూర్తి పిలుపు.

డాటర్స్ ఆఫ్ ఛారిటీ గురించి కూడా రెండు మాటలు. 1633లో పునీత విన్సెంట్ డి పాల్, పునీత లూయీస్ కలిసి మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మఠకన్యలంటే గోడల లోపలే ఉండాలి. రోగుల ఇళ్ళే మీ మఠం, వీధులే మీ ప్రాకారం అని విన్సెంట్ వీళ్ళకు నేర్పారు. ఈ రోజు వీధిలో ఏ సిస్టర్ కనబడినా ఆ నిర్ణయానికి ఆవిడ ఎంతో కొంత రుణపడి ఉంది. వీళ్ళ మాటపట్టు ఏడాదికోసారి, మంగళవార్త పండగకు (దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండగ), మళ్ళీ కొత్తగా ఇచ్చేది. ఇష్టంతో ప్రతి ఏడూ అవునని చెప్పడంలో ఉండే స్వేచ్ఛ కొందరికి ఊపిరినిస్తుంది.

ఇంట్లో ఉండి చేసేవాళ్ళకు

పెళ్ళైనవాళ్ళు, ఉద్యోగస్తులు, చదువుకుంటున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు నన్నడిగితే మొదట చెప్పేది మా విన్సెంట్ డి పాల్ సభ గురించే. పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను, ఇరవై ఏళ్ళ బంధం మరి.

1833 ఏప్రిల్ 23న పారిస్‌లో కొంతమంది కాలేజీ కుర్రాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఫ్రెడరిక్ ఓజనాంకు ఆ రోజే 20 ఏళ్ళు నిండాయి. "మీ శ్రీసభ ఒకప్పుడు గొప్ప పనులు చేసిందేమో, ఇప్పుడేం చేస్తోంది?" అని తోటి విద్యార్థులు వాదనలో నిలదీస్తే, మాటలతో జవాబు చెప్పడం మానేసి పేదల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఎలా వెళ్ళాలో వాళ్ళకు నేర్పింది సిస్టర్ రోజలీ రాందూ, పైన చెప్పిన డాటర్స్ ఆఫ్ ఛారిటీ సిస్టరే. మఠం, గృహస్థులు ఒకరికొకరు ఎలా తోడవుతారో చూడండి. ఇవాళ ఆ సభ 150 దేశాల దాకా పాకింది. మన దేశానికి 1863లో వచ్చింది.

పద్ధతి చాలా సులువు. విచారణలో ఒక చిన్న గుంపు ఉంటుంది, దాన్ని కాన్ఫరెన్స్ అంటాం. వారానికో, రెండు వారాలకో కలుస్తాం. ప్రార్థన, ఒక రహస్య సంచీ తిప్పడం (ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు), ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో తేల్చుకోవడం. ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్తాం. కులం, మతం అడగం. ఎవరింటికి వెళ్ళామో బయట చెప్పం.

ఒక ఇల్లు చెబుతాను, ఊరు పేరు చెప్పను. రేకుల ఇల్లు, ఒంటరి ముసలమ్మ. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ నా తోటి సభ్యురాలూ పది కిలోల బియ్యం సంచీ తీసుకెళ్ళాం. గుమ్మంలో పెట్టేసి వచ్చేద్దామనుకున్నాం, ఇంకా మూడిళ్ళున్నాయి మరి. ఆవిడ ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి "ముందు కూర్చోండమ్మా" అంది. కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పుల గురించి, చనిపోయిన కొడుకు గురించి, పక్కింటి పిల్లి గురించి అరగంట మాట్లాడింది. అప్పుడు మెల్లగా అరచేతులు చూపించింది. నలభై ఏళ్ళు మిరపకాయలు కోసి, తొడిమలు తీసిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. మిషను మీద వేలిముద్ర పడటం లేదు, రెండు నెలలుగా పింఛను రాలేదు. బియ్యం ఆవిడకు అవసరమే. కానీ ఆవిడకు అంతకంటే కావలసింది తనతో పాటు వచ్చి, కంటిపాపతో తీసుకునే ఏర్పాటు చేయించే మనిషి. ఆ రోజు కుర్చీలో కూర్చోకపోయి ఉంటే ఈ సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నాకు మఠంలో దొరకనిది ఇక్కడ దొరికింది. అయినా ఇందులోని లోటు కూడా చెప్పాలి. కొన్నిచోట్ల కాన్ఫరెన్స్ అంటే క్రిస్మస్‌కు చీరలు పంచి ఫొటో దిగే గుంపుగా మిగిలిపోయింది. చేరేముందు ఒక్కటే అడగండి. పోయిన నెలలో ఎన్ని ఇళ్ళకు వెళ్ళారు? జవాబు చెప్పడానికి తడుముకుంటే, మీరే నలుగురిని కూడగట్టి ఫాదర్‌గారి అనుమతితో ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టండి.

సేవ కంటే ముందు ప్రార్థన జీవితం గట్టిపడాలనుకునేవాళ్ళకు ఫ్రాన్సిస్కన్ గృహస్థ సభ ఉంది. దాని వేళ్ళు 13వ శతాబ్దం దాకా ఉన్నాయి. శిక్షణ తర్వాత జీవితాంతం నిలిచే మాట ఇస్తారు. అందులో సేవ ఎలా, ఎక్కడ అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. మదర్ గృహస్థుల శాఖ, సలేషియన్ల సహకారుల సభ కూడా ఇలా ఒక మఠ సభ స్ఫూర్తిని ఇంట్లో బతికించేవే. పక్క ఊళ్ళో ఆ సభ ఇల్లు ఉంటేనే వీటిలో చేరండి. దూరం నుంచి వాట్సాప్‌లో నడిచే సభ్యత్వం ఎక్కువకాలం నిలవడం నేను చూడలేదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు కూడా అడుగుతుంటారు. అమెరికాలో ఉంటే క్యాథలిక్ వర్కర్ ఇళ్ళు చూడమంటాను. 1933 మే 1న, ఆర్థిక మాంద్యం నడుమ, డొరొతీ డే, పీటర్ మారిన్ న్యూయార్క్‌లో ఒక్క సెంటు ధరకు పత్రిక అమ్మడంతో మొదలుపెట్టారు. తర్వాత ఇల్లు లేనివాళ్ళకు అన్నం, పడక ఇచ్చే ఇళ్ళు వచ్చాయి. మాటపట్టులుండవు, సభ్యత్వ కార్డు ఉండదు. వారాంతంలో వెళ్ళి సూప్ వడ్డించవచ్చు. పేదలకు అన్నం పెట్టడంతో పాటు, పేదరికం ఎందుకొచ్చిందని ప్రభుత్వాన్ని గట్టిగా అడుగుతారు కూడా. వీసా మీద ఉన్న పిల్లలు నిరసనల్లో పాల్గొనే ముందు ఆలోచించుకోవాలి, వడ్డనకు ఏ టెన్షనూ ఉండదు. రోమ్‌లో 1968లో విద్యార్థులు మొదలుపెట్టిన సాంత్ ఎజీదియో సంఘం యూరప్‌లో ఉన్నవాళ్ళకు మంచి తోడు. మొజాంబిక్ అంతర్యుద్ధం ఆగడానికి 1992లో ఒప్పందం కుదిర్చింది వీళ్ళే. వీధిలో పడుకునే మనిషి పేరు గుర్తుపెట్టుకోవడం దగ్గర మొదలై అంతదాకా వెళ్ళారు.

మొహమాటపడకుండా అడగాల్సినవి

మనకు సిస్టర్లను, ఫాదర్లను ప్రశ్నించే అలవాటు లేదు. గౌరవం ఉండాల్సిందే. కానీ ఒక పిల్ల జీవితాంతం ఇచ్చే మాట ఇది.

ఆస్తి సంగతి అడగండి. నిత్య మాటపట్టుకు ముందు వీలునామా రాయమంటారు. ఇంట్లో వాటా ఉంటే దాని గురించి అన్నదమ్ములతో ముందే మాట్లాడుకోవడం అందరికీ మంచిది. మధ్యలో తిరిగొస్తే చేసిన పనికి సభ నుంచి డబ్బు అడిగి తీసుకునే హక్కు శ్రీసభ చట్టంలో లేదు. కానీ వెళ్ళిపోయేవాళ్ళతో న్యాయంగా, ప్రేమగా వ్యవహరించాలని అదే చట్టం చెబుతోంది. మీ సభలో ఆ ప్రేమ ఏ రూపంలో ఉంటుందని అడగండి. చదువు మధ్యలో ఆపిస్తారా, పూర్తి చేయిస్తారా అన్నది కూడా అడగండి. డిగ్రీ చేతిలో ఉన్న పిల్లకు ఎటు వెళ్ళినా కాళ్ళ కింద నేల ఉంటుంది. అందుకే తొందరేమీ లేకపోతే చదువు అయ్యాక చేరమనే నా సలహా.

ఇంకొకటి, చెప్పడం కష్టమైనా చెప్పాలి. మానసిక వికలాంగులతో కలిసి బతకాలని 1964లో లార్ష్ సంఘాన్ని మొదలుపెట్టిన జాన్ వానియేను లోకమంతా మహాత్ముడంది. ఆయన పోయాక 2020లో ఆ సంఘమే విచారణ చేయించి, ఆయన స్త్రీలపై లైంగిక దోపిడీకి పాల్పడ్డాడని బయటపెట్టింది. నిజాన్ని దాచకుండా చెప్పినందుకు ఆ సంఘాన్ని గౌరవిస్తాను. అందులో ఇప్పటికీ ఎంతోమంది మంచివాళ్ళున్నారు. కానీ స్థాపకుడి పేరు చూసి కళ్ళు మూసుకోకూడదని మనకు తెలిసింది. తనకేదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి, ఆ మనిషి ఈ ఇంటి పెద్దల చేతికింద ఉన్న మనిషేనా, బయటి మనిషా అని ప్రతి తల్లీ తండ్రీ అడగాలి.

తల్లిదండ్రులతో ఇంకో మాట. మీ అమ్మాయి తిరిగొస్తే "మఠం నుంచి వచ్చేసింది" అని ఊరు చెవులు కొరుక్కుంటుంది. నా విషయంలోనూ అదే జరిగింది. మా నాన్న మాత్రం బస్టాండుకు వచ్చి నా ట్రంకు పెట్టె ఎత్తుకుని, "అన్నం తిన్నావా?" అని తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాట నన్ను నిలబెట్టింది. చూసి, పరీక్షించుకుని తిరిగి రావడానికే ఆ శిక్షణ ఏళ్ళు ఉన్నాయి.

ఈ వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చివరి ఏడు. మదర్ సిస్టర్ల దగ్గరా, ముసలివాళ్ళ ఆశ్రమంలోనా అని రెండు మనసుల్లో ఉంది. రెండు చోట్లా పదేసి రోజులు ఉండి రమ్మన్నాను. వెళ్ళినచోట ఫొటోలు తియ్యొద్దనీ, రోజూ రాత్రి ఆ రోజు ఎవరి పక్కన ఎక్కువసేపు కూర్చుందో ఒక్క పేరు మాత్రం నోట్ బుక్కులో రాసుకోమనీ చెప్పాను. మొదటి పది రోజులు అయిపోయాయి. ఫోన్ చేసింది. ఎలా ఉందమ్మా అంటే, చాలాసేపు ఆ ఇంట్లో ఒక తాతగారి గురించే చెప్పింది. ఆయనకు మజ్జిగలో ఉప్పు ఎంత వేస్తే ఇష్టమో కూడా చెప్పింది. రెండో చోటికి వచ్చే సోమవారం బయల్దేరుతోంది. ఈలోపు ఆదివారం మాతో పాటు ఇళ్ళకు వస్తానంది. నాలుగింటికి చర్చి దగ్గరికి రమ్మన్నాను.